తెలుగు రాక్ ఆల్బమ్: జామ్ ప్యాడ్ నుంచి శ్రోత ఫోన్ దాకా

మీ బ్యాండ్ చేతిలో ఏడెనిమిది సొంత పాటలున్నాయి. కాలేజీ ఫెస్టుల్లో వాయించారు, హైదరాబాద్ లామకాన్ వేదిక మీద వాయించారు, పబ్బుల్లో కవర్ల (వేరేవాళ్ళ పాటల) మధ్య ఇరికించి వాయించారు. విన్నవాళ్ళు "ఇది ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగితే ఎవరో ఫోన్లో తీసిన వీడియో పంపాల్సి వస్తోంది. ఇక ఆల్బమ్ చేసి, ఏ కంపెనీకీ రాసివ్వకుండా మీరే ఆన్‌లైన్‌లో పెట్టేద్దామనుకున్నారు. అలాగే కానివ్వండి. జేబు, స్నేహం రెండూ మిగిలేలా ఆ పని ఎలా నడిపించాలో చెబుతాను.

చాలా బ్యాండ్ల డబ్బు కరిగిపోయేది స్టూడియోలో కూర్చుని చర్చలు పెట్టుకున్నప్పుడు. బ్రిడ్జి (పల్లవి, చరణాల మధ్య వచ్చే వేరే ముక్క) ఎన్ని బార్లు (తాళం ఆవర్తాలు), సోలో ఎవరిది, చివర పల్లవి రెండుసార్లా మూడుసార్లా... గంటల లెక్కన అద్దె కడుతున్న గదిలో తేల్చుకునే సంగతులా ఇవి? మీటరు తిరగడం మొదలయ్యేలోపే అన్నీ తేలిపోవాలి. అందుకే కింద చెప్పబోయే పనిలో పెద్ద భాగం మైకు ఆన్ చేయకముందుదే.

పాటలు, టెంపో, శ్రుతి

ఎనిమిది గట్టి పాటలు చాలు. మొహమాటానికి పెట్టిన తొమ్మిదోది మిగతా ఎనిమిదింటినీ పలచన చేస్తుంది. ప్రతి ప్రాక్టీసునూ ఫోన్లో రికార్డ్ చేసి, ఆ రోజు కాకుండా మర్నాడు మెట్రోలో వెళ్తూ వినండి. వాయించిన వేడిలో అంతా అద్భుతంగానే ఉంటుంది. ఎక్కడ మీ చెయ్యి తనంతట తానే ఫార్వర్డ్ బటన్ మీదికి పోతుందో అక్కడ పాట సాగినట్టు.

ప్రతి పాటకీ బీపీఎం (నిమిషానికి ఎన్ని దెబ్బలు) రాసుకోండి. డ్రమ్మర్ క్లిక్ (టెంపో చెప్పే టిక్ టిక్ చప్పుడు) వింటూ వాయించడం కనీసం నెల రోజుల ముందు మొదలుపెట్టాలి. క్లిక్ పెడితే రాక్ ఫీల్ చచ్చిపోతుందని కొందరు వాదిస్తారు. క్లిక్ అలవాటు లేనివాడికి అది నిజమే. ఫీల్ కావాలంటే పాట మొత్తానికీ ఒకే టెంపో పెట్టక్కర్లేదు. చరణానికి 138, పల్లవికి 141 అని టెంపో మ్యాప్ వేసుకుంటే పల్లవి దగ్గర పాట దానంతట అదే ముందుకు తోసుకొస్తుంది.

శ్రుతి విషయంలో గిటారిస్టుల మాట వినకండి. వాళ్ళకు తీగలు ఎలా కట్టి ఉంటే అదే శ్రుతి, E అంటే E, డ్రాప్ డి (లావు తీగను D కి దించడం) అంటే డ్రాప్ డి. గాయకుడు నిలబడి, పూర్తి గొంతుతో, వరసగా మూడుసార్లు పాడగలిగే శ్రుతి ఏదో అదే పాట శ్రుతి. ప్రాక్టీసులో ఆంప్‌ల మోతలో గొంతు ఎవరికీ వినపడదు కాబట్టి ఈ తేడా స్టూడియోకి వెళ్ళేదాకా బయటపడదు.

తెలుగులో రాసేవాళ్ళకు ఇంకో ముఖ్యమైన పని ఉంది. రిఫ్ (తిరిగి తిరిగి వచ్చే గిటారు ముక్క) మీద ముందు ఇంగ్లిష్ ధోరణిలో "నననా" అని పాడుకుని, తర్వాత అందులో తెలుగు మాటలు కుక్కడం మనకు అలవాటు. అప్పుడే "కల" కాస్తా "కాల" అవుతుంది, "వాన" వచ్చి "వన"లో పడుతుంది. కూర్చుని ప్రతి లైనుకీ గురు లఘువులు గుర్తు పెట్టుకోండి, ఛందస్సు పరీక్ష రాయక్కర్లేదు గానీ పొడవాటి స్వరం మీద దీర్ఘం పడిందో లేదో చూసుకోవాలి. హ్రస్వం వచ్చిందంటే మొదటి అక్షరాన్ని సాగదీయకుండా చివరి అచ్చును సాగదీయండి. "క... లాఆఆ" అంటే చెవికి ఇబ్బంది ఉండదు. మన మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి అరిచి నిలబెట్టడానికి తెలుగు చాలా అనువు. ఇక "నిప్పు", "దెబ్బ", "కట్టె" లాంటి మాటల్లో ఒత్తు సరిగ్గా స్నేర్ (టప్‌మని మోగే డ్రమ్) దెబ్బ మీద కూర్చునేలా రాసి చూడండి. మాటే వాయిద్యంలా పలుకుతుంది. హిందీ రాక్‌నో ఇంగ్లిష్ రాక్‌నో అనుకరించే బ్యాండ్లకు ఇది దొరకదు.

ఇదంతా అయ్యాక ప్రతి పాటకీ క్లిక్ మీద ఒక గిటారు, ఒక గొంతుతో స్క్రాచ్ ట్రాక్ (దారి చూపే కచ్చా రికార్డింగ్) చేసుకోండి. ల్యాప్‌టాప్, రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ (మైకును, గిటారును కంప్యూటర్‌కి కలిపే పెట్టె), రీపర్ సాఫ్ట్‌వేర్ చాలు. రీపర్ 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు, తర్వాత మామూలు వాడకందార్లకు లైసెన్స్ 60 డాలర్లు. డ్రమ్మర్ స్టూడియోలో వినేది ఈ స్క్రాచ్‌నే.

కాగితం మీద రాసుకోవాల్సింది

ఈ భాగం వదిలేసి ముందుకు పోవాలనిపిస్తుంది. వదలకండి. "మనలో మనకేంట్రా" అనుకున్న బ్యాండ్లే పాట పైకి వచ్చాక మాట్లాడుకోవడం మానేస్తాయి.

ఒక పాటలో మూడు వేర్వేరు హక్కులుంటాయి: సాహిత్యం, స్వరం, రికార్డింగ్. సాహిత్యం రాసినవాళ్ళది, స్వరం కట్టినవాళ్ళది. రికార్డింగ్‌కు మన కాపీరైట్ చట్టం 1957 దృష్టిలో కర్త ఆ రికార్డింగ్ చేయించే చొరవ, బాధ్యత తీసుకున్న నిర్మాత. అంటే బేసిస్టు వాళ్ళ బావగారు స్టూడియో బిల్లు కట్టి, అన్నీ తానై నడిపిస్తే, కాగితం లేనప్పుడు రేపు నిర్మాత ఎవరన్నది వాదనకొస్తుంది. ప్రతి పాటకీ ఎవరికెంత శాతమో, రికార్డింగ్ ఎవరి పేరిటో, ఎవరైనా బ్యాండ్ వదిలి వెళ్తే వాళ్ళ వాటా ఏమవుతుందో, బ్యాండ్ పేరు ఎవరి దగ్గర ఉంటుందో రాసి అందరూ సంతకాలు పెట్టండి. ఒక పేజీ సరిపోతుంది. డ్రమ్మర్‌కి స్వరంలో వాటా ఇవ్వాలా అన్న గొడవ ప్రతి బ్యాండ్‌లోనూ వస్తుంది. మొదటి ఆల్బమ్‌కి అందరికీ సమానంగా పంచేయమనే నేను చెబుతాను. లెక్కలు తేలిక, మనసులు తేలిక.

కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, పాట పుట్టగానే హక్కు పుడుతుంది. అయినా చేయించుకుంటే సాక్ష్యంగా పనికొస్తుంది. ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేయొచ్చు. సాహిత్యానికి, స్వరానికి ఒక్కోదానికి 500 రూపాయలు, సౌండ్ రికార్డింగ్‌కు 2000 రూపాయలు రుసుము.

లైవ్‌లో మీరు వాయించే పాత సినిమా పాట రాక్ వెర్షన్‌కి ఈలలు పడుతున్నాయని ఆల్బమ్‌లో పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. కవర్ వెర్షన్లకు చట్టంలో దారి ఉంది గానీ మూల రికార్డింగ్ వచ్చి అయిదేళ్ళు దాటాలి, ముందస్తు నోటీసు, రాయల్టీ, మార్పులకు పరిమితులు... మొదటి ఆల్బమ్‌కి ఈ తలనొప్పి వద్దు. స్టేజి మీదే వాయించుకోండి.

స్టూడియో వెతకడం

హైదరాబాద్‌లో రికార్డింగ్ స్టూడియోలకు కొదవ లేదు. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ వైపు గల్లీకొకటి కనిపిస్తుంది. కానీ అవి సినిమా అవసరాల కోసం వెలిసినవి. ఎక్కువ వాటిలో డబ్బింగ్‌కీ గొంతుకీ సరిపోయే చిన్న బూత్, ఒకటి రెండు మంచి మైకులు, పెద్ద స్క్రీను ఉంటాయి. సినిమా పాటల్లో డ్రమ్స్ చాలావరకు కంప్యూటర్‌లోనే ప్రోగ్రామ్ అవుతాయి కాబట్టి అయిదు పీసుల డ్రమ్ కిట్ పరిచి, ఎనిమిది మైకులు ఒకేసారి పెట్టే గది వాళ్ళకు అవసరం పడలేదు. మీకు దొరకనిది అదే. మీ వెతుకులాటంతా ఆ ఒక్క గది కోసమే.

ఫోన్ చేసినప్పుడు "గంటకెంత?" కంటే ముందు ఇవి అడగండి. ఒకేసారి ఎన్ని ఇన్‌పుట్లు రికార్డ్ చేయగలరు? కిట్ స్టూడియోదా, మేం తెచ్చుకోవాలా? మైకులు సర్దే సమయానికి కూడా డబ్బు పడుతుందా? ఇంజనీర్ ఫీజు అందులోనే ఉందా? ఫైళ్ళన్నీ విడివిడి వేవ్ (WAV) ట్రాకులుగా అదే రోజు ఇస్తారా? ఆఖరి ప్రశ్నకు నసిగితే ఆ స్టూడియో వదిలేయండి. తర్వాత ఒకసారి వెళ్ళి గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టండి. గోడల నుంచి తగరం డబ్బా మోగినట్టు "టింగ్"మని తిరిగొస్తే సింబల్స్ (డ్రమ్ కిట్ తాళాలు) అక్కడ చెవులు కోస్తాయి.

మంచి డ్రమ్ గది దొరక్కపోతే రెండు దారులు. ఒకటి, పెద్ద జామ్ ప్యాడ్‌లోనే (అద్దెకిచ్చే ప్రాక్టీసు గదిలోనే) రికార్డ్ చేయడం. ఎనిమిది ప్రీఆంప్‌ల (మైకు సిగ్నల్ పెంచే సర్క్యూట్ల) ఇంటర్‌ఫేస్, మైకులు అద్దెకు తెచ్చుకుంటారు. రెండోది డ్రమ్స్ ప్రోగ్రామ్ చేయడం. ప్రోగ్రామ్ చేసిన డ్రమ్స్ తప్పేం కాదు గానీ మీ డ్రమ్మర్‌నే కూర్చోబెట్టి ఎలక్ట్రానిక్ కిట్ మీద వాయించి మిడి (ఏ దెబ్బ ఎప్పుడు, ఎంత గట్టిగా పడిందో చెప్పే డేటా) తీసుకోండి. మౌసుతో గీసిన ఫిల్స్ (మధ్యలో వచ్చే డ్రమ్ ముక్తాయింపులు) ఇట్టే తెలిసిపోతాయి.

తేదీలు పెట్టుకునేటప్పుడు క్యాలెండర్ కంటే పంచాంగం ఎక్కువ పనికొస్తుంది. ఆషాఢంలోనూ మూఢాల్లోనూ పెళ్ళిళ్ళుండవు. పెళ్ళి షోలతో బతికే వాద్యకారులు, సౌండ్ సామాను అద్దెకిచ్చేవాళ్ళు ఖాళీగా దొరుకుతారు, బేరమూ కుదురుతుంది. అయితే ఆషాఢమంటే బోనాలు. గోల్కొండ దగ్గర మొదలై, సికింద్రాబాద్ మహంకాళి, లాల్‌దర్వాజా అంటూ ఆదివారాలు దద్దరిల్లుతాయి కాబట్టి ఆ ప్రాంతాల్లో ఆదివారం వదిలి మిగతా రోజులు పట్టుకోండి. వినాయక చవితి నుంచి నిమజ్జనం దాకా మాత్రం ఊళ్ళో ఎక్కడా మైకు ముట్టుకోవద్దు. మండపం మీ వీధిలో లేకపోయినా దాని బేస్ మీ గోడలోంచి వస్తుంది.

డ్రమ్స్ రోజు

ఆల్బమ్ మొత్తంలో డబ్బు పెట్టాల్సిన చోటు ఇదే, తర్వాత మిక్సింగ్ (ట్రాకులన్నీ సమతూకంగా కలపడం). మిగతావి ఇంట్లోనూ అవుతాయి.

డ్రమ్ స్కిన్లు ఒక రోజు ముందు కొత్తవి వేసి ట్యూన్ చేసి పెట్టుకోండి. రాత్రికి అవి కొంచెం సాగుతాయి, పొద్దున మళ్ళీ బిగించాలి. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) పెడల్ కిర్రుమంటుంటే నూనె వేయండి. లైవ్‌లో వినపడని ఆ కిర్రు రికార్డింగ్‌లో ప్రతి దెబ్బకీ వినిపిస్తుంది.

ఎనిమిది ఇన్‌పుట్లుంటే కిక్, స్నేర్ పైన, స్నేర్ కింద, రెండు టామ్‌లు, రెండు ఓవర్‌హెడ్‌లు (కిట్ పైన పెట్టే మైకులు), గదికి ఒకటి. నాలుగే ఉంటే కిక్, స్నేర్, రెండు ఓవర్‌హెడ్‌లు. నాలుగుతోనే గొప్ప డ్రమ్స్ వస్తాయి, కంగారు పడకండి. ఓవర్‌హెడ్‌లు రెండూ స్నేర్ మధ్య నుంచి సమాన దూరంలో ఉండాలి. దీనికి కొలిచే టేపు అక్కర్లేదు. మైకు కేబుల్ ఒక కొస స్నేర్ మధ్యలో వేలితో నొక్కిపట్టి, ఎడమ మైకు దాకా లాగి, ఆ పొడవు దగ్గర చిటికెన వేలు పెట్టి, అదే పొడవు కుడి మైకుకి సరిపోయేదాకా స్టాండు జరపండి. ఈ రెండు నిమిషాల పని చేయకపోతే స్నేర్ ఒక్కో మైకుకి ఒక్కో క్షణాన చేరి, రెండూ కలిపి విన్నప్పుడు పీలగా, బోలుగా వినిపిస్తుంది. స్నేర్ కింది మైకుకి పోలారిటీ (ధ్వని అల దిశ) తిప్పడం మరిచిపోవద్దు.

48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో రికార్డ్ చేయండి. లెవెల్స్ ఎక్కడా మైనస్ 10 డెసిబెల్స్ దాటక్కర్లేదు. ఎర్ర దీపం దాకా తోసేయడం టేపుల కాలం అలవాటు, 24 బిట్‌లో దాంతో ఒరిగేదేమీ లేదు.

డ్రమ్మర్‌ని ఒంటరిగా క్లిక్‌తో వదిలేయకండి. బేసిస్టు, ఒక గిటారిస్టు కంట్రోల్ రూంలో కూర్చుని నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి వాయిస్తూ ఉండాలి, వాళ్ళ మొహాలు డ్రమ్మర్‌కి కనిపించాలి. పాటకి మూడు పూర్తి టేకులు తీసుకుని, బాగా వచ్చినదాన్ని పట్టుకుని, తప్పిన చోట్ల పంచ్ ఇన్ చేయండి, అంటే ఆ ముక్క మాత్రమే మళ్ళీ రికార్డ్ చేయండి. నాలుగో టేకు నుంచి డ్రమ్మర్ ఆలోచించడం మొదలుపెడతాడు. "అన్నా, ఇంకొక్కసారి" అని అతనే అడిగితే ఇవ్వండి, మీరు మాత్రం అడగొద్దు. కష్టమైన పాట మొదట్లో కాదు, రెండోదిగా పెట్టుకోండి. చేతులు వేడెక్కి ఉంటాయి, ఇంకా అలసిపోయి ఉండవు.

బయటికి వచ్చేలోపు ఫైళ్ళు రెండు హార్డ్ డిస్కుల్లో ఉండాలి, ఆ రెండూ ఒకే బ్యాగులో పోకూడదు. సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ సామాను బజారులో) డిస్కు కొనే ఖర్చు మళ్ళీ ఒక డ్రమ్స్ రోజు ఖర్చు ముందు ఏ మూలకి?

ఇంట్లో బేస్, గిటార్లు

బేస్ ఆ రోజు నేరుగా వాయించింది బాగుంటే అదే ఉంచేయండి. లేదంటే కొత్త తీగలు వేసి ఇంట్లో మళ్ళీ వాయించండి.

గిటార్లకు పెద్ద శత్రువు హమ్, అంటే కరెంటు గుయ్యిమనే చప్పుడు. పాత అపార్ట్‌మెంట్లలో ఎర్తింగ్ సరిగా ఉండదు, ఇన్వర్టర్ గుర్రుమంటుంది, ఫ్యాన్ రెగ్యులేటర్, ట్యూబ్‌లైట్ చోక్ అన్నీ పికప్‌లోకి (గిటారు తీగల కదలికను పట్టే భాగంలోకి) దూరతాయి. గెయిన్ (సిగ్నల్ బలం) పెంచి, తీగలను అరచేత్తో మూసి, గిటారు పట్టుకుని గదిలో నెమ్మదిగా గుండ్రంగా తిరగండి. ఒక దిక్కున హమ్ బాగా తగ్గుతుంది. నేల మీద చాక్‌పీసుతో గీత గీసి అటే కూర్చుని వాయించండి. ఫ్యాన్ ఆపేయాలి, ట్యూబ్‌లైట్ ఆపేయాలి. ల్యాప్‌టాప్ చార్జర్ తీస్తే హమ్ పోయిందంటే గొడవ ఎర్తింగ్‌లో ఉండొచ్చు, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ప్లగ్గు మూడో పిన్ను విరిచేస్తే హమ్ పోతుందని చెప్పే మేధావులు తగులుతారు. ఆ మాట వింటే ప్రాణాలే పోతాయి. కేబుళ్ళు కరకరమంటుంటే కోఠి గుజరాతీ గల్లీలో మంచి కనెక్టర్లు తెచ్చి టంకం వేయించుకోండి.

ఆంప్ ఉంటే మైకును స్పీకరు మధ్యలోని గుండ్రటి మూత అంచుకి గురిపెట్టి మొదలుపెట్టండి. మధ్యకి జరిపితే పదును, బయటికి జరిపితే మెత్తన. అరంగుళం కదిపి వినడం ఈక్వలైజర్ తిప్పడం కంటే మేలు. ఆంప్‌తో పాటు శుభ్రమైన డీఐ సిగ్నల్ (గిటారు నుంచి నేరుగా వచ్చేది) కూడా వేరే ట్రాకులో దాచుకోండి, రేపు టోన్ నచ్చకపోతే మళ్ళీ వాయించక్కర్లేదు. ఆంప్ లేకపోతే న్యూరల్ ఆంప్ మోడలర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, దాంతో ఆల్బమ్ స్థాయి టోన్లే వస్తాయి.

రిథమ్ గిటార్ రెండుసార్లు వాయించి ఒకటి ఎడమకి, ఒకటి కుడికి పూర్తిగా పంపండి. ఒకదాన్నే కాపీ చేసి రెండు వైపులా పెడితే మధ్యలోనే వినిపిస్తుంది, వెడల్పు రాదు. గెయిన్ లైవ్‌లో పెట్టేదానికంటే తగ్గించండి. టేకుకీ టేకుకీ మధ్య ట్యూనింగ్ చూసుకోవాలి, విసుగొచ్చినా సరే.

గొంతు

దుప్పట్లు, బొంతలు, బట్టలతో నిండిన బీరువా తలుపులు తెరిచి, దానికి వీపు పెట్టి పాడటం చవకైన బూత్. నోటికీ మైకుకీ జానెడు దూరం, మధ్యలో పాప్ ఫిల్టర్ (గాలిని ఆపే జల్లెడ). ప, బ, భ గాలి కొడతాయి, శ, ష, స బుసకొడతాయి, రెండింటికీ మందు ఒక్కటే, మైకును నోటికి కొంచెం పక్కకి తిప్పడం.

ఏ వేళ పాడాలి? పొద్దున కుక్కర్ విజిళ్ళు, సాయంత్రం కింద పిల్లల క్రికెట్. సైనిక్‌పురి, యాప్రాల్ వైపు ఉంటే హకీంపేట విమానాలు అదనం. రాత్రి నిశ్శబ్దంగా ఉంటుంది గానీ అప్పుడు మీరు అరిస్తే వాచ్‌మన్ పైకొస్తాడు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా అపార్ట్‌మెంట్లు నిద్రపోతాయి. పక్క ఫ్లాట్ ఆంటీకి ముందే ఒక మాట చెప్పి ఉంచండి, "ఆంటీ, ఈ వారం నాలుగు రోజులు పాట రికార్డింగ్ ఉంది, కొంచెం గోలగా ఉంటుంది" అంటే ఆవిడే మిక్సీ ఆపేస్తుంది. లేదంటే అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మీ పేరు చూస్తారు.

ఏసీ ఆపేసి పాడాలి కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో ఈ పని పెట్టుకోవద్దు. రోజుకి రెండు పాటల కంటే ఎక్కువ వద్దు, అరిచే పాట రెండోదిగా ఉండాలి.

మిక్సింగ్, మాస్టరింగ్

మీరే మిక్స్ చేసుకోగలిగినా ఇంకొకరికివ్వండి. సొంత గిటారు ఎవరికీ చిన్నగా వినిపించాలని ఉండదు. ప్రతి ట్రాకునూ మొదటి బార్ నుంచి మొదలయ్యేలా, పేరు పెట్టి, ఎఫెక్టులు లేకుండా పంపండి. మీకు నచ్చిన ధ్వని ఉన్న రెండు మూడు పాటలు రిఫరెన్స్‌గా ఇవ్వండి.

ఇంజనీర్‌కి తెలుగు రాకపోతే ఒక జాగ్రత్త ఉంది. భాష తెలియని చెవికి గొంతు కూడా ఒక వాయిద్యమే, గిటార్ల మధ్య ముంచేస్తాడు. సాహిత్యం రోమన్ లిపిలో రాసి, తప్పక వినపడాల్సిన మాటల కింద గీతలు గీసి పంపండి. మిక్స్ తిరిగొచ్చాక ఆ పాట ఎప్పుడూ విననివాళ్ళకు, మీ చెల్లికో మేనత్తకో, ఒకసారి వినిపించి పల్లవి చెప్పమనండి. చెప్పలేకపోతే గొంతు ఒక డెసిబెల్ పెంచమని అడగాలి. మీకు అంతా అర్థమవుతుంది, రాసింది మీరే కాబట్టి ఆ తీర్పు చెల్లదు. సవరణలు ముగ్గురు మూడు మెయిళ్ళలో కాకుండా ఒక్కరే, నిమిషం సెకండుతో సహా, ఒకే జాబితాగా పంపండి.

మాస్టరింగ్ (మిక్స్‌కి చివరి మెరుగు దిద్ది విడుదలకు సిద్ధం చేయడం) మూడో వ్యక్తి చేస్తే మంచిది. లౌడ్‌నెస్ పిచ్చి వద్దు. స్పాటిఫై అన్ని పాటలనూ సుమారు మైనస్ 14 లఫ్స్ అనే సగటు లౌడ్‌నెస్ స్థాయి‌కి సర్దేస్తుంది. మీ మాస్టర్ మైనస్ 8 ఉంటే అది తగ్గించి వినిపిస్తుంది, మీకు మిగిలేది నలిగిన డ్రమ్స్ మాత్రమే. రాక్‌కి మైనస్ 10 దగ్గర ఆగిపోవచ్చు. ట్రూ పీక్ (సిగ్నల్ చేరే అత్యధిక స్థాయి) మైనస్ 1 డెసిబెల్ దాటకూడదు, మాస్టర్ మైనస్ 14 కంటే లౌడ్‌గా ఉంటే మైనస్ 2 దగ్గర ఆపమని స్పాటిఫై సలహా. ప్రతి పాటకీ గొంతు లేని వెర్షన్ కూడా ఇప్పుడే అడిగి తీసుకోండి.

డిస్ట్రిబ్యూటర్, వివరాలు

స్పాటిఫై, ఆపిల్ మ్యూజిక్, జియోసావన్ లాంటి వాటిలో పాట పెట్టాలంటే మధ్యలో డిస్ట్రిబ్యూటర్ ఉండాలి. డిస్ట్రోకిడ్ లాంటివి ఏడాదికింత అని తీసుకుంటాయి. కట్టడం ఆపేస్తే, అదనంగా డబ్బు కట్టి శాశ్వతం చేయించుకోకపోతే, పాటలు దిగిపోవచ్చు. సీడీ బేబీ ఒక్కో రిలీజ్‌కి ఒకసారే తీసుకుని, వచ్చే డిజిటల్ ఆదాయంలో 9 శాతం ఉంచుకుంటుంది. ఏడాదికి నాలుగైదు రిలీజులు చేసే బ్యాండ్‌కి మొదటిది, ఒక ఆల్బమ్ పెట్టి రెండేళ్ళు మాయమయ్యే బ్యాండ్‌కి రెండోది నయం. మీరు ఏ కోవకి చెందుతారో మీకే తెలుసు.

బ్యాండ్ పేరు ముందే అన్ని యాప్‌లలో వెతికి చూడండి. అదే పేరుతో బ్రెజిల్‌లో ఇంకో బ్యాండ్ ఉంటే మీ పాట వెళ్ళి వాళ్ళ పేజీలో కూర్చుంటుంది. టీషర్టులు అచ్చేశాక ఈ సంగతి తెలిస్తే ఏడుపే.

పాట పేరు రోమన్ స్పెల్లింగ్ ఒకటే ఖాయం చేసుకుని ప్రతిచోటా అదే వాడండి. మనవాళ్ళు వెతికేది ఎక్కువగా ఇంగ్లిష్ కీబోర్డుతోనే. దీర్ఘాలకు ఒకచోట aa అని, ఇంకోచోట ఒక్క a పెడితే పాట దొరకదు. భాష దగ్గర తెలుగు అని ఎంచుకోవాలి, రచయిత, స్వరకర్త దగ్గర స్టేజి పేర్లు కాకుండా అసలు పేర్లివ్వాలి. ఆల్బమ్ కవర్ బొమ్మ 3000 పిక్సెళ్ళ చదరం, దాని మీద వెబ్ అడ్రసులు, ఇన్‌స్టా ఐడీలు, ధరలు ఉంటే తిప్పి పంపేస్తారు. ప్రతి రికార్డింగ్‌కీ 12 అక్షరాల గుర్తింపు సంఖ్య, అంటే ఐఎస్‌ఆర్‌సీ కోడ్ డిస్ట్రిబ్యూటరే ఇస్తాడు. దాన్ని స్ప్రెడ్‌షీట్‌లో దాచుకోండి, ఇప్పుడే అవసరం పడుతుంది.

ఎందుకంటే ఆల్బమ్ ఒక్కసారే గుమ్మరించొద్దు. ముందు నెలకొకటి చొప్పున రెండు మూడు పాటలు సింగిల్స్‌గా వదలండి. ఆల్బమ్ పెట్టేటప్పుడు ఆ పాటలకు అవే ఐఎస్‌ఆర్‌సీలు, అవే ఆడియో ఫైళ్ళు, అవే పేర్లు ఇస్తే అప్పటిదాకా వచ్చిన ప్లేలు వాటితోపాటే వస్తాయి. మాస్టర్‌ని కొంచెం మార్చి కొత్త కోడ్‌తో పెడితే సున్నా నుంచి మొదలు. స్పాటిఫైలో ఏడాదిలో 1000 స్ట్రీమ్స్ దాటని పాటకు 2024 నుంచి డబ్బే రాదు కాబట్టి ఈ లెక్క ఇంకా ముఖ్యం.

విడుదల

శుక్రవారం పెట్టుకోండి, నాలుగు వారాల ముందే అప్‌లోడ్ చేయండి. స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్ నుంచి ఎడిటర్లకు పాట పంపడానికి కనీసం ఏడు రోజుల గడువుండాలి, ఒక్క పాటనే పంపగలరు. పెద్ద హీరో సినిమా వచ్చే శుక్రవారం మాత్రం తప్పించండి. ఆ రోజు తెలుగు ఫోన్లన్నీ ఇంకో పనిలో ఉంటాయి.

యూట్యూబ్‌ను చిన్నచూపు చూడకండి, మన శ్రోతల్లో చాలామంది అక్కడే. తెలుగు లిపిలో సాహిత్యం కనిపించే వీడియో ప్రతి పాటకీ చేయండి. డిస్ట్రిబ్యూటర్ దగ్గర కంటెంట్ ఐడీ (మీ పాట వాడిన వీడియోలను యూట్యూబ్ పట్టే పద్ధతి) ఆన్ చేస్తే మీ సొంత ఛానెల్ వీడియోకే క్లెయిమ్ పడుతుంది. ముందే ఛానెల్‌ని వైట్‌లిస్ట్ చేయించాలి, అంటే మినహాయింపు జాబితాలో పెట్టించాలి. రాయల్టీ ఫ్రీ లూపులు (ఎవరైనా వాడుకోగల రెడీమేడ్ సంగీత ముక్కలు) వాడిన పాటలకు కంటెంట్ ఐడీ పెట్టకూడదు, ఆ లూపు వాడిన అందరి మీదా క్లెయిములు పడతాయి.

శ్రోతలు పాటలు నేరుగా కొనుక్కునే బ్యాండ్‌క్యాంప్ సైట్‌లో కూడా పెట్టండి. డిజిటల్ అమ్మకంపై 15 శాతం తీసుకుని మిగతాది మీకిస్తుంది, చెల్లింపు ఖర్చులు అదనం. డబ్బు పేపాల్ ద్వారా వస్తుంది. మన దేశంలో పేపాల్ దేశీయ చెల్లింపులు 2021 ఏప్రిల్ 1తో ఆగిపోయాయి కాబట్టి దీన్ని డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న మీ ఫ్రెండ్స్ కోసం అనుకోండి. ఒక్కరు అయిదు డాలర్లు పెట్టి కొంటే ఎన్నో వందల స్ట్రీమ్స్‌తో సమానం. ఇక్కడివాళ్ళకు షోల దగ్గర టీషర్టు, యూపీఐ కోడ్.

"పదివేల స్ట్రీమ్స్ గ్యారంటీ" అని ఇన్‌స్టాలో మెసేజ్ చేసేవాళ్ళకు పైసా ఇవ్వొద్దు. బాట్లతో (నకిలీ శ్రోతల ప్రోగ్రాములతో) వచ్చిన ప్లేలు బయటపడితే పాటే తీసేస్తారు.

డబ్బు వచ్చే దారులు

స్ట్రీమింగ్ డబ్బు రెండు మూడు నెలలు ఆలస్యంగా పడుతుంది. అమెరికా డిస్ట్రిబ్యూటర్ అయితే డబ్ల్యూ-8బెన్ అనే పన్ను ఫారం అడుగుతారు. అందులో పాన్ నంబరిచ్చి భారత్-అమెరికా పన్ను ఒప్పందం పేర్కొంటే అక్కడి ఆదాయం మీద కోత 15 శాతం, ఇవ్వకపోతే 30. సాహిత్యం, స్వరం రాసినవాళ్ళు ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీ, అంటే ఐపీఆర్‌ఎస్‌లో ఎవరికి వారు సభ్యత్వం తీసుకోవాలి. 1969 నుంచి ఉన్న ఆ సొసైటీ వసూలు చేసేది రచయిత, స్వరకర్తల వాటా, అది డిస్ట్రిబ్యూటర్ పంపే డబ్బులో ఉండదు.

పాట కాస్త తిరగడం మొదలయ్యాక ఏదో ఛానెల్ వాళ్ళు ఒప్పందం పట్టుకొస్తారు. కాలపరిమితి, ప్రాంతం రెండూ చూడండి. చట్టం ప్రకారం హక్కుల బదిలీ పత్రంలో గడువు రాయకపోతే అయిదేళ్ళనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం మాత్రమేననీ అర్థం. అందుకే వాళ్ళు "శాశ్వతంగా, విశ్వమంతటా" అని ముందే అచ్చేసుకుని తెస్తారు. ఆ రెండు మాటలు కొట్టేసి అయిదేళ్ళు అని చేత్తో రాసి ఇవ్వండి, ఏమంటారో చూడండి. 2012 సవరణ తర్వాత రచయిత, స్వరకర్తల రాయల్టీ వాటాను పూర్తిగా రాయించుకోవడం కుదరదు. అయినా అలాంటి వాక్యం ఉంటే దాన్నీ కొట్టేయండి.

వెబ్ సిరీస్‌కో షార్ట్ ఫిల్మ్‌కో మీ పాట అడుగుతూ ఎవరైనా ఫోన్ చేస్తే వాళ్ళకు చాలాసార్లు ఆ సాయంత్రమే కావాలి. మాస్టర్, గొంతు లేని వెర్షన్, సాహిత్యం, హక్కుల పేజీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, లింకు బ్యాండ్‌లో అందరి ఫోన్లలో ఉండేలా చూసుకోండి. రేటు మాత్రం ఒక్కరే మాట్లాడాలి, ఆ ఒక్కరు గాయకుడు కాకపోతే ఇంకా మంచిది.